జీడాల్ ఇన్‌స్టాల్ అయింది, మ్యాప్ మాత్రం రావట్లేదా? ఫోన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అసలు కథ

"క్యానాట్ ఫైండ్ ప్రోజ్.డీబీ."

ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని శాటిలైట్ ఇమేజ్‌లతో ఆడుకోవాలనుకునే ప్రతి పది మందిలో కొందరికైనా ఈ లైన్ తగులుతుంది. జీడాల్ ఇన్‌స్టాల్ అయిపోయింది, ఎక్కడా ఎర్రక్షరాలు లేవు, వెర్షన్ నంబర్ కూడా చూపిస్తోంది. తీరా ఒక ఇమేజ్ ఓపెన్ చేసి మన ఊరి కోఆర్డినేట్స్ ఇస్తే ఈ ఎర్రర్. వెంటనే మనం చేసేదేంటి? ఎర్రర్‌ను సెర్చ్‌లో పెట్టి, మొదట కనిపించిన ఎక్స్‌పోర్ట్ లైన్ కాపీ చేసి, బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో అతికించేస్తాం. ఒక్కోసారి పని చేస్తుంది. చాలాసార్లు ఇంకో రెండు ఎర్రర్లు తోడవుతాయి.

ఈ ఆర్టికల్‌లో ఆ ఎక్స్‌పోర్ట్ లైన్ నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. అది అర్థమైతే జీడాల్ ఒక్కటే కాదు, నమ్‌పై, ఆర్, క్రాప్ మోడళ్లు, ఏ సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినా సగం తలనొప్పి తగ్గుతుంది.

ముందే ఒక మాట. కింద కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ కీబోర్డ్‌తోనే కొట్టాలి. కమాండ్లు అన్నీ చిన్న అక్షరాలు. వేరియబుల్ పేర్లు (పాత్, హోమ్, ప్రోజ్_లిబ్ లాంటివి) అన్నీ పెద్ద అక్షరాలు. గీత, చుక్క, కోలన్, డాలర్ గుర్తు ఎలా ఉన్నాయో అలాగే.

ఇదంతా ఫోన్‌లో ఎందుకు?

లాప్‌టాప్ ఉంటే దానిమీదే చేసుకోండి, నేనేం కాదనను. కానీ అందరికీ ఉండదు కదా. అగ్రికల్చర్ చదువుతున్న మా పిన్ని కొడుకు దగ్గర ఉన్నది 6 జీబీ ర్యామ్ ఫోన్ ఒక్కటే. వాడి ప్రాజెక్ట్ మార్టూరు, పర్చూరు వైపు మిర్చి చేలమీద. 2021-22 సీజన్ గుర్తుందా? త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త రకం తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిర్చిని పట్టి పీడించిన ఏడాది. పూతలో చేరి రసం పీల్చేస్తే పూత మొత్తం రాలిపోయింది. నల్ల తామర పురుగు అని మనవాళ్లు అన్నది దాన్నే. చాలామంది పెట్టుబడి కూడా రాకుండానే తోటలు పీకేశారు. వాళ్ల నాన్న కౌలుకు చేసిన రెండెకరాలు కూడా అందులోనే పోయింది.

ఇప్పుడు ఆ చేలో ఇంకో పంట ఉంది. ఆ ఏడాది పైరు ఏ వారంలో ఎంత దెబ్బతిన్నదో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం శాటిలైట్ ఇమేజ్‌లే. అప్పట్లో యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్లు రెండూ కలిసి 5 రోజులకోసారి మన మీదుగా వెళ్లి ఫొటోలు తీసేవి. మొదటిది 2015లో, రెండోది 2017లో ఎగిరాయి. ఆ డేటా అంతా ఉచితం. అందులో ఎరుపు బ్యాండ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ తీసుకుని, తేడాను మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ వస్తుంది. ఉత్త నల్లరేగడి నేల 0.1, 0.2 దగ్గర ఉంటుంది, గుబురుగా ఉన్న పైరు 0.7 దాటుతుంది. పైరు ఎండిపోతే గీత కిందకి దిగిపోతుంది. సింపుల్.

ఈ బ్యాండ్లలో ఒక పిక్సెల్ అంటే నేలమీద 10 మీటర్లు బై 10 మీటర్లు. మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు. అంటే రెండెకరాల చేనుకు 80 పిక్సెళ్లు, గట్టు పక్కనున్నవి తీసేస్తే ఇంకా తక్కువ. గట్టుకి అవతల పత్తి ఉంది. కోఆర్డినేట్ 50 మీటర్లు పక్కకి జరిగితే మిర్చి అనుకుని పత్తిని కొలుస్తాం. ఆ కోఆర్డినేట్ లెక్క చేసే లైబ్రరీ పేరే ప్రోజ్. ప్రోజ్.డీబీ దాని డేటాబేస్. అది దొరక్కపోతే లెక్క లేదు. వాడి స్క్రిప్ట్ ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి ఇమేజ్‌కి వెళ్లేలా రాసి ఉంది. అందుకే తేదీలన్నీ వచ్చాయి, విలువలన్నీ ఖాళీ. సోమవారం గైడ్‌కి టేబుల్ చూపించాలి, శుక్రవారం రాత్రి నాకు ఫోన్ చేశాడు: "అన్నా, మేఘాల వల్లేనా ఇలా వస్తోంది?"

మేఘాల వల్ల కాదు.

వేరియబుల్ అంటే లారీతో పంపే చీటీ

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు ఎక్కించుకుని లారీ బయల్దేరుతుంది. డ్రైవర్ చేతిలో ఒక చీటీ పెడతారు: ఎవరి సరుకు, తేజానా 334నా, ఏ కమీషన్ కొట్టుకి వెళ్లాలి. లారీ కదిలాక మీరు ఇంటి దగ్గర మీ నోట్‌బుక్‌లో కొట్టు పేరు మార్చి రాసుకుంటే డ్రైవర్ చేతిలో ఉన్న చీటీ మారదు. అలాగే డ్రైవర్ దారిలో తన చీటీ మీద ఏదైనా కొట్టేసి రాసినా మీ ఇంట్లో నోట్‌బుక్ మారదు.

షెల్‌లో జరిగేది అచ్చంగా ఇదే. మీరు టైప్ చేసే షెల్ ఒక ప్రాసెస్. అక్కడి నుంచి పైథాన్ నడిపితే అది ఇంకో ప్రాసెస్. పుట్టే క్షణంలో షెల్ తన దగ్గరున్న వేరియబుల్స్ కాపీ ఒకటి దాని చేతిలో పెడుతుంది. ఆ తర్వాత ఎవరిది వాళ్లదే. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన ఏర్పాటు ఇది. ఈ రోజు మీ ఫోన్‌లో కూడా మారలేదు.

అయితే షెల్ అన్ని వేరియబుల్స్‌నీ చీటీ మీద ఎక్కించదు. ఎక్స్‌పోర్ట్ అని చెప్పినవే ఎక్కిస్తుంది. ఉత్తినే

ఊరు=పర్చూరు

అని రాస్తే అది షెల్ నోట్‌బుక్‌లోనే ఉంటుంది (ఇక్కడ ఊరు అన్నది ఉదాహరణకి, అసలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి). ఎకో కొడితే కనిపిస్తుంది కాబట్టి సెట్ అయిపోయిందనుకుంటాం. పైథాన్‌కి మాత్రం అలాంటిదొకటి ఉందనే తెలీదు. ముందు ఎక్స్‌పోర్ట్ తగిలిస్తేనే వెళ్తుంది. ఇంకో చిన్న విషయం: ఈక్వల్స్ గుర్తుకి అటూ ఇటూ స్పేస్ పెట్టకూడదు. పెడితే షెల్ మొదటి ముక్కని కమాండ్ అనుకుని "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది.

అందుకని ఎకోని నమ్మకండి. ప్రోగ్రామ్ చేతికి ఏం వెళ్తుందో చూడాలంటే

ఎన్వ్ | గ్రెప్ ప్రోజ్

అని కొట్టండి (గ్రెప్ తర్వాత పెద్ద అక్షరాలు). ఎన్వ్ అనేది బయటి ప్రోగ్రామ్. దాని చేతిలో ఉన్న చీటీనే అది చదివి వినిపిస్తుంది. మావాడి ఫోన్‌లో ఇది కొట్టించాను. వచ్చిన జవాబు:

ప్రోజ్_లిబ్=/యూఎస్ఆర్/షేర్/ప్రోజ్

అక్కడే దొరికింది.

టెర్మక్స్‌లో ఆ అడ్రస్సే లేదు

ఉబుంటులో సాఫ్ట్‌వేర్ అంతా రూట్ కింద యూఎస్ఆర్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అలా కుదరదు. ఏ యాప్ అయినా తన సొంత డేటా ఫోల్డర్‌లోనే ఫైళ్లు పెట్టుకోవాలి. టెర్మక్స్ కూడా ఒక యాపే. అందుకే అది తన మొత్తం ప్రపంచాన్ని

/డేటా/డేటా/కామ్.టెర్మక్స్/ఫైల్స్/యూఎస్ఆర్

లోపల కట్టుకుంది. ఇంత పొడుగు పేరు ప్రతిసారీ రాయక్కర్లేకుండా ప్రిఫిక్స్ అనే వేరియబుల్‌లో పెట్టి ఉంచింది. $ప్రిఫిక్స్ అంటే అదే. టెంపరరీ ఫైళ్లకి కూడా ఉబుంటులోలా /టీఎంపీ ఉండదు, టీఎంపీడీఐఆర్ అనే వేరియబుల్ చూపించే చోట ఉంటాయి.

మావాడు చదివిన గైడ్ ఉబుంటు కోసం రాసింది. దాంట్లో తప్పేం లేదు, ఉబుంటులో అది సరైన అడ్రస్సే. కానీ తమాషా ఏంటంటే, టెర్మక్స్ ప్యాకేజీగా వచ్చిన ప్రోజ్‌కి తన డేటాబేస్ ఎక్కడుందో ముందే తెలుసు. కంపైల్ చేసినప్పుడే ఆ దారి లోపల రాసి ఉంటుంది. మనం ఏ వేరియబుల్ పెట్టకపోతే తిన్నగా అక్కడికే వెళ్తుంది. వేరియబుల్ పెట్టామంటే "నీకు తెలిసింది పక్కన పెట్టు, నేను చెప్పిన చోట వెతుకు" అని ఆర్డర్ వేసినట్టు. అది పాపం లేని ఫోల్డర్‌లో వెతికి, దొరకలేదని చెప్పింది.

అంటే ఈ కేసులో ఎర్రర్‌ని తెప్పించింది ఆ ఎక్స్‌పోర్ట్ లైనే. నా అభిప్రాయం అడిగితే, ప్యాకేజ్ మేనేజర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కి పాత్‌లు చూపించే వేరియబుల్స్ మనం పెట్టాల్సిన అవసరం దాదాపు రాదు. పెట్టమని గైడ్ చెప్పిందంటే ముందు అనుమానపడండి. సోర్స్ నుంచి మీరే కంపైల్ చేసుకుంటేనో, ఫోల్డర్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితేనో అప్పుడు కావాలి.

అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి ఫైల్ మార్చక్కర్లేదు. ఒక్క కమాండ్ వరకు చీటీ నుంచి ఆ లైన్ కొట్టేసి పంపొచ్చు:

ఎన్వ్ -యూ ప్రోజ్_లిబ్ ప్రోజ్‌ఇన్ఫో --సెర్చ్‌పాత్స్

ఇక్కడ -యూ అంటే అన్‌సెట్. ప్రోజ్‌ఇన్ఫో ఏయే ఫోల్డర్లలో వెతుకుతోందో వరసగా చెప్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ప్రోజ్_డీబగ్=3 అని కమాండ్ ముందు తగిలించండి, ఏ ఫైల్ తెరవబోయింది, తెరుచుకుందా లేదా అన్నది కూడా రాస్తుంది. ఎక్స్‌పోర్ట్ లేకుండా ఇలా కమాండ్‌కి ముందే రాసిన వేరియబుల్ ఆ ఒక్క కమాండ్‌కే వర్తిస్తుంది. ఇది నాకు షెల్‌లో బాగా ఇష్టమైన సదుపాయం. టెర్మక్స్‌లో నమ్‌పైని పిప్‌తో కంపైల్ చేసే రోజుల్లో "మ్యాథ్‌లిబ్=ఎం" అని ముందు రాసేవాళ్లు, అది ఇదే పద్ధతి. ఇప్పుడు నమ్‌పై రెడీమేడ్ ప్యాకేజ్‌గానే దొరుకుతోంది, ఆ బాధ లేదు.

కొత్త వెర్షన్లు వాడేవాళ్లకి ఒక గమనిక. ప్రోజ్ 9.1 నుంచి, అంటే 2022 నుంచి, ఈ వేరియబుల్ పేరు ప్రోజ్_డేటా అయింది. పాత పేరు కూడా ఇంకా పట్టించుకుంటుంది, రెండూ ఉంటే కొత్తదానికే విలువ. కాబట్టి ప్రోజ్_లిబ్ మార్చి మార్చి విసిగిపోయినా ఫలితం మారట్లేదంటే, వెనక ప్రోజ్_డేటా కూర్చుని ఉందేమో చూడండి.

పని చేస్తోందని ఎలా నమ్మాలి?

ఎర్రర్ పోయింది కదా అని వదిలేయకండి. గుంటూరు మీద ఒక టెస్ట్ చేద్దాం. దీనికి జవాబు కాగితం మీద కూడా చూసుకోవచ్చు.

భూమిని 6 డిగ్రీల చొప్పున 60 నిలువు ముక్కలు చేసిన పద్ధతి పేరు యూటీఎం. మనది 44వ ముక్క, 78 నుంచి 84 డిగ్రీల తూర్పు వరకు. గుంటూరు, ఒంగోలు రెండూ ఇందులోనే. (సెంటినెల్ ఇమేజ్ పేర్లలో మాత్రం గుంటూరు వైపువి 44క్యూ అనీ, ఒంగోలు వైపువి 44పీ అనీ మొదలవుతాయి. 16 డిగ్రీల అక్షాంశం దగ్గర అక్షరం మారుతుంది, ఆ గీత బాపట్లకి కొంచెం ఉత్తరంగా పోతుంది. ఫైళ్లు వెతికేటప్పుడు రెండూ చూడండి.) ఈ ముక్క కోడ్ ఈపీఎస్‌జీ:32644. మామూలు జీపీఎస్ డిగ్రీల కోడ్ ఈపీఎస్‌జీ:4326. కమాండ్ ఇదీ:

జీడాల్‌ట్రాన్స్‌ఫార్మ్ -ఎస్_ఎస్ఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ:4326 -టీ_ఎస్ఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ:32644

ఎంటర్ కొట్టాక కర్సర్ ఊరికే ఆగుతుంది. అప్పుడు 80.44 16.30 అని టైప్ చేయండి. సుమారుగా 440174, 1802202 రావాలి. ఎందుకో చూడండి. ఈ ముక్క మధ్య గీత 81 డిగ్రీలు, దానికి 500000 మీటర్లు అని నంబర్ ఇచ్చారు. గుంటూరు దానికి 0.56 డిగ్రీలు పడమర, అంటే దాదాపు 60 కిలోమీటర్లు. 500 లోంచి 60 తీస్తే 440. రెండో నంబర్ భూమధ్యరేఖ నుంచి దూరం, సుమారు 1802 కిలోమీటర్లు. లెక్క సరిపోయింది.

రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత అన్నది గుర్తుపెట్టుకోండి. ఈ కమాండ్‌లో 4326కి ఈ వరసే. తిరగేసి ఇస్తే ఎర్రర్ కూడా రాకుండా ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర నంబర్లు వస్తాయి.

మావాడికి ఈ నంబర్లు సరిగ్గా వచ్చాక స్క్రిప్ట్ మళ్లీ నడిపాం. ఖాళీలు నిండాయి, నిజంగా మేఘాలున్న తేదీలు తప్ప. స్క్రిప్ట్‌లో ఎర్రర్‌ని మింగేసే ముక్క కూడా తీయించాను. డేటాబేస్ దొరకనప్పుడు ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోవడమే మంచిది. గీత ఎక్కడ విరిగిందో వాళ్ల నాన్నకి చూపిస్తే, వేలు పెట్టి "ఇదుగో, ఇక్కడే మూడోసారి మందు కొట్టాం" అన్నాడట. ఆయనకి ఎన్‌డీవీఐ అంటే తెలీదు. చేను మాత్రం గుర్తుంది.

ఏ లైన్ ఎక్కడ రాయాలి

బాష్‌ఆర్‌సీ అనేది మీరు టెర్మినల్ తెరిచినప్పుడల్లా షెల్ చదువుకునే ఫైల్. అక్కడ రాసిన ఎక్స్‌పోర్ట్ ఆ టెర్మినల్ నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రామ్ చీటీ మీదా ఎక్కుతుంది. జీడాల్ కోసం రాసింది ఇంకో పైథాన్ లైబ్రరీ చేతికి కూడా వెళ్తుంది. రాస్టీరియో, పైప్రోజ్ లాంటివి పిప్ వీల్‌గా వచ్చినప్పుడు తమ సొంత ప్రోజ్ డేటాని వెంట తెచ్చుకుంటాయి. మీ గ్లోబల్ ప్రోజ్_లిబ్ వాటిని వేరే వెర్షన్ డేటాబేస్ దగ్గరికి పంపితే "ఇది ఇంకో ప్రోజ్ ఇన్‌స్టలేషన్‌ది" అని అర్థం వచ్చే ఎర్రర్ చూస్తారు. ఈ ఎర్రర్ నిజాయితీపరురాలు, ఉన్న మాట చెప్తుంది.

అందుకని నేను పాటించేది ఇది: ఒక ప్రాజెక్ట్‌కి కావాల్సిన వేరియబుల్స్ ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఒక చిన్న షెల్ ఫైల్‌లో రాస్తా. పేరు రన్.ఎస్‌హెచ్. అందులో ముందు ఎక్స్‌పోర్ట్ లైన్లు, చివర పైథాన్ కమాండ్. దాన్ని బాష్‌తో నడిపితే ఆ వేరియబుల్స్ అక్కడే పుట్టి అక్కడే పోతాయి. మీ మెయిన్ షెల్‌కి అంటవు, లారీ చీటీ సంగతి గుర్తుందిగా. మెయిన్ షెల్‌లోనే ఉండాలనుకుంటే మాత్రం బాష్‌తో కాకుండా సోర్స్ కమాండ్‌తో చదివించాలి. "ఫైల్ నడిపాను కానీ వేరియబుల్ సెట్ కాలేదు" అనే కంప్లయింట్‌లో చాలావరకు ఈ తేడానే.

పైథాన్ లోపలే ఓఎస్.ఎన్విరాన్‌తో పెట్టాలనుకుంటే జీడాల్‌ని ఇంపోర్ట్ చేసే లైన్ కంటే పైన పెట్టండి. లైబ్రరీ లోడ్ అయ్యాక రాసింది అది చదవకపోవచ్చు.

ఫోన్‌లో నిజంగా పనికొచ్చే వేరియబుల్స్

పాత్‌లు చూపించేవి కాకుండా ఇంకో రకం ఉన్నాయి, ప్రోగ్రామ్ ఎలా ప్రవర్తించాలో చెప్పేవి. రన్.ఎస్‌హెచ్‌లో నేను రాయించినవి ఇవే.

మొదటిది డేటా ప్యాక్ కోసం. సెంటినెల్ ఇమేజ్ ఒకటి 10980 బై 10980 పిక్సెళ్లు. ఒక్క బ్యాండే కంప్రెస్ చేయకపోతే 240 ఎంబీ పైచిలుకు. రెండు బ్యాండ్లు, సీజన్ మొత్తం తేదీలు అంటే రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఏ మూలకి? అదృష్టం ఏంటంటే క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ ఫార్మాట్‌లో పెట్టిన ఇమేజ్‌లని జీడాల్ ఫైల్ మొత్తం దించుకోకుండా మనకి కావాల్సిన ముక్క వరకే నెట్ నుంచి చదవగలదు. కానీ ఫైల్ తెరిచే ముందు దాని పక్కన ఇంకేం ఫైళ్లున్నాయో అని సర్వర్‌ని అడిగే అలవాటు దానికుంది. ఆ అలవాటు మాన్పించేది ఇది:

ఎక్స్‌పోర్ట్ జీడాల్_డిజేబుల్_రీడ్‌డైర్_ఆన్_ఓపెన్=ఎంప్టీ_డైర్

విలువ కూడా పెద్ద అక్షరాల్లోనే. పల్లెటూరి సిగ్నల్‌లో తేడా మీకే తెలుస్తుంది.

రెండోది జీడాల్_క్యాష్‌మ్యాక్స్. ఏమీ చెప్పకపోతే ర్యామ్‌లో 5 శాతం తీసుకుంటుంది. 6 జీబీ ఫోన్‌లో అది 300 ఎంబీ చుట్టూ. ఇంకా తక్కువ ర్యామ్ ఉండి, ఆండ్రాయిడ్ టెర్మక్స్‌ని మధ్యలో చంపేస్తుంటే 128 అని ఇవ్వండి, ఎంబీల్లో లెక్క.

మూడోది వేడి. నమ్‌పై వెనక పని చేసే ఓపెన్‌బ్లాస్ దొరికిన కోర్లన్నీ వాడేయాలని చూస్తుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44 దగ్గర ఉన్నప్పుడు ఎనిమిది కోర్లూ ఫుల్‌గా నడిపితే ఫోన్ కాసేపటికే వేడెక్కి తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఓపెన్‌బ్లాస్_నమ్_థ్రెడ్స్=2 అని పెట్టి నింపాదిగా నడిపించండి. రేకుల షెడ్డు కింద కూర్చుని చేసే పనికి బెంచ్‌మార్క్ స్కోర్లు దేనికి?

పాత్‌తో మాత్రం జాగ్రత్త

పాత్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ల పేర్లు కోలన్‌తో విడదీసి వరసగా ఉంటాయి. మీరు పైథాన్ అనగానే షెల్ ఎడమ నుంచి మొదలుపెట్టి, మొదట ఏ ఫోల్డర్‌లో దొరికితే దాన్ని నడిపేస్తుంది. మిగతావి చూడదు. రెండు మూడు పైథాన్‌లు ఉన్న చోట ఏది నడుస్తోందో తెలుసుకోవడానికి టైప్ -ఏ పైథాన్ అని కొట్టండి, వరసగా అన్నీ చూపిస్తుంది.

కొత్త ఫోల్డర్ చేర్చాలంటే ఇలా:

ఎక్స్‌పోర్ట్ పాత్="$హోమ్/బిన్:$పాత్"

చివర ఉన్న $పాత్ మర్చిపోతే పాతవన్నీ పోతాయి. డబుల్ కోట్స్ బదులు సింగిల్ కోట్స్ పెట్టినా అంతే, డాలర్ గుర్తు విప్పుకోకుండా అక్షరాలుగానే ఉండిపోతుంది. అప్పుడు ఎల్‌ఎస్ అన్నా, నానో అన్నా "నాట్ ఫౌండ్". ఆ లైన్ బాష్‌ఆర్‌సీలో ఉంటే కొత్త సెషన్ తెరిచినా అదే గతి. కంగారుపడి టెర్మక్స్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, లోపలున్న ఫైళ్లన్నీ పోతాయి! ఎక్స్‌పోర్ట్, ఎకో, సీడీ లాంటివి షెల్ లోపలే ఉన్న కమాండ్లు, వాటికి పాత్‌తో పని లేదు. కాబట్టి

ఎక్స్‌పోర్ట్ పాత్=$ప్రిఫిక్స్/బిన్

అని కొడితే ఆ సెషన్‌కి ప్రాణం వస్తుంది. తర్వాత నానోతో బాష్‌ఆర్‌సీ సరిచేసుకోండి. అసలు షెల్లే తెరుచుకోకపోతే స్క్రీన్ ఎడమ అంచు నుంచి లాగి, న్యూ సెషన్ బటన్‌ని నొక్కి పట్టుకోండి, ఫెయిల్‌సేఫ్ అని వస్తుంది. అందులోకి వెళ్లి బాష్‌ఆర్‌సీ పేరు మార్చేస్తే చాలు.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అని ఇంకొకటి ఉంది. లైబ్రరీలకి పాత్ లాంటిది. దీన్ని బాష్‌ఆర్‌సీలో పెట్టమని ఎవరు చెప్పినా పెట్టకండి. ఒక సాఫ్ట్‌వేర్ కోసం పెట్టింది మిగతా అన్నిటికీ వేరే లైబ్రరీలు అంటగడుతుంది, సంబంధం లేని ప్రోగ్రామ్ ఏదో కూలిపోతే కారణం పట్టుకోవడం నరకం. తప్పదనుకుంటే రన్.ఎస్‌హెచ్ లోపల, ఆ ఒక్క కమాండ్ ముందు.

లాప్‌టాప్ వాళ్లకి, ఉబుంటు ప్రూట్ వాళ్లకి

టెర్మక్స్ లోపలే ప్రూట్-డిస్ట్రోతో ఉబుంటు వేసుకున్నవాళ్లు రెండు ఇళ్లు కాపురం చేస్తున్నట్టు లెక్క. ప్రూట్ లోపల /యూఎస్ఆర్/షేర్/ప్రోజ్ నిజంగానే ఉండొచ్చు, బయట ఉండదు. లోపల జీలిబ్‌సీ ఉంటుంది కాబట్టి మామూలు లైనక్స్ పిప్ వీల్స్ ఇన్‌స్టాల్ అవుతాయి. బయట ఆండ్రాయిడ్ వాళ్ల బయోనిక్ ఉంటుంది, అందుకే అవే వీల్స్ కుదరవు. ఏ గైడ్ ఏ ఇంటిదో చూసుకుని చదవండి.

లాప్‌టాప్‌లో కాండా వాడేవాళ్లకి ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసినప్పుడు కావాల్సిన వేరియబుల్స్ అదే పెడుతుంది. పైన మీరు చేతితో ఇంకొకటి పెట్టారంటే గొడవ మొదలు. మ్యాక్‌లో 2019 నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్, కాబట్టి బాష్‌ఆర్‌సీలో ఏం రాసినా అది చదవదు, జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలో రాయాలి. విండోస్‌లో సెట్‌ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చేవాళ్లు ఇంకా జాగ్రత్త, 1024 అక్షరాలు దాటినదాన్ని అది కత్తిరించి సేవ్ చేస్తుంది. గ్రాఫికల్ విండోలోనే మార్చుకోండి.

చివరగా క్రాన్. మావాడు ఇప్పుడు రోజూ తెల్లవారుజామున కొత్త ఇమేజ్ వచ్చిందేమో చూసే స్క్రిప్ట్‌ని వాళ్ల ల్యాబ్‌లోని ఉబుంటు మెషీన్‌లో పెట్టుకున్నాడు. చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే నడవదు. క్రాన్ మీ బాష్‌ఆర్‌సీ చదవదు, దాని పాత్‌లో మామూలుగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ ఈ రెండే ఉంటాయి, పైగా నడిపేది బాష్ కాదు, ఎస్‌హెచ్. అందుకే క్రాన్ లైన్‌లో పైథాన్ అని కాకుండా బాష్ అని రాసి, పక్కన రన్.ఎస్‌హెచ్ పూర్తి అడ్రస్ ఇచ్చాడు. రన్.ఎస్‌హెచ్‌లో మొదటి ఎక్స్‌పోర్ట్ పాత్‌ది, దాని కింద ఎన్వ్ ఫలితాన్ని లాగ్ ఫైల్‌లోకి పంపే లైన్ ఒకటి. ఏ రోజైనా టేబుల్‌లో మళ్లీ ఖాళీ వస్తే ముందు ఆ లాగ్ తెరిచి ప్రోజ్ అని వెతుకుతాడు, ఆ తర్వాతే ఆకాశం వైపు చూస్తాడు.